టైర్ల మంద వెంట

నేను ఊరికి బయల్దేరినప్పుడల్లా మా ఆయన గుమ్మం దాకా వచ్చి ఒకే మాట చెబుతాడు: "ఎవరితోనూ పోట్లాడకుండా తిరిగి రా." ఈసారి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగొచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగాడు, "ఎంతమందితో?" అని. లెక్కపెట్టుకోలేదు. ఇది చదివాక మీరే లెక్క తేల్చండి.

ముందు నేనెందుకు వెళ్లానో చెప్పాలి. కోనసీమలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పారేసిన సామాన్లతో పిల్లల చేత బొమ్మలు చేయించడం నా పిచ్చి. కొబ్బరి డిప్పలు, తుప్పుపట్టిన గొడుగు ఊచలు, పగిలిన స్విచ్చులు, ఏది దొరికితే అది. ఆ ఫొటోలు ఎక్కడో చూసి హైదరాబాదు నుంచి ఒక సంస్థవాళ్లు ఫోన్ చేశారు. మూడు చోట్ల జనం చేత, వాళ్ల ఊళ్లో పారేసిన వస్తువులతోనే, అందరూ కలిసి ఒక పెద్ద బొమ్మ చేయిస్తున్నారట. పోటీ అట. ఫైనల్ మిర్యాలగూడలో. నన్ను న్యాయనిర్ణేతగా రమ్మన్నారు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. నా బుద్ధి గడ్డి తినడం అదే మొదలు.

సూర్యాపేట

మొదటి పోట్లాట ఆటో దగ్గరే. "ఏడికి పోవాలె?" అన్నాడు డ్రైవరు, నా తెల్లజుట్టు కనిపిస్తూనే ఉన్నా. మా వైపు నాలుగేళ్ల పిల్లాడితో మాట్లాడినా చివర ఒక 'అండీ' తగిలిస్తాం. "ఎక్కడికెళ్లాలండీ అని అడుగు బాబూ" అన్నాను. అతనికి కోపం రాలేదు సరికదా, నవ్వాడు.

"అండీ అంటే కిరాయి ఎక్కువైతది మేడం, ఎక్కు."

ఎక్కక ఏం చేస్తాను. రెండు రోజులు తిరిగాక తెలిసింది, ఇక్కడ 'నువ్వు' అంటే ఇంట్లో మనిషిని పిలిచినట్టే. ఆ విషయం తెలిసేలోపు నేను ఇంకో ముగ్గురి మీద ఎగిరాను.

ముప్పై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, పైన కారప్పొడి, నెయ్యి, పక్కన పల్లి చట్నీ తిన్నాను. మా వైపు అల్లం చట్నీలో బెల్లం వేస్తామని హోటలాయనకు చెబితే, చట్నీలో బెల్లమెందుకన్నట్టు నా వంక జాలిగా చూశాడు.

బొమ్మ తయారుచేసిన మైదానానికి వెళ్లగానే ఎదురుగా నెమలి. ఉంటుందని నాకు ముందే తెలుసు. ఈ దేశంలో ఏ ఊళ్లో చెత్త పోగేసినా చివరికి అది నెమలే అవుతుంది. నీళ్ల సీసాల తోక, కూలర్ రేకుల రెక్కలు, పాత మిక్సీ గిన్నె తల. దాని వెనక నెమలి కంటే పెద్ద ఫ్లెక్సీ. అందులో పదిహేను మంది నాయకులు నమస్కారం పెడుతున్నారు. ఒక్కరి చేతికైనా జిగురు అంటిన జాడ లేదు.

"కమ్యూనిటీ అంతా పార్టిసిపేట్ చేసింది మేడం" అన్నాడు ప్రవీణ్. అతనే ఈ పోటీకి కోఆర్డినేటరు. ఇస్త్రీ చొక్కా, చల్లటి గొంతు. అతన్ని తిట్టినా థాంక్యూ మేడం అంటాడు, అదింకా మండిస్తుంది.

"కమ్యూనిటీ అంటే ఎవరు బాబూ?" అన్నాను.

నీడలో కూర్చున్న ఆడవాళ్లను చూపించాడు. వీధులు ఊడ్చే పనివాళ్లు. వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఒకామె అరచేతులు రెండూ కోసుకుపోయి ఉన్నాయి. కూలర్ రేకు గీరుకుపోయిందట.

"గ్లౌజులు ఇవ్వలేదా అమ్మా?" అన్నాను.

"ఇచ్చిండ్రు. పొద్దుగాల ఫొటో దిగేటప్పుడు. ఫొటో అయినంక మళ్ల జమ చేసుకున్నరు, రేపు కోదాడల ఫొటోకు గావాల్నంట."

నెమలి ఆలోచన ఎవరిదని అడిగాను. "మాకు కాయితం మీద అచ్చుగొట్టి ఇచ్చిండ్రమ్మా. గిట్లనే ఉండాలె అన్నరు. మేమైతే బిందెలు మోసేటి ఆడిమనిషిని చేద్దామనుకున్నం" అందామె.

నేను లేచి ప్రవీణ్ దగ్గరికి వెళ్లి, మైదానం అంతా వినపడేలా అడిగాను, బొమ్మ మీది, చేతులు మాత్రం వాళ్లవా అని. ఫొటో కోసం గ్లౌజులిచ్చి లాక్కోవడానికి సిగ్గులేదా అని. అతను థాంక్యూ ఫర్ ద ఫీడ్‌బ్యాక్ మేడం అన్నాడు. మందుల షాపుకు వెళ్లి దూది, పట్టీలు కొనుక్కొచ్చి ఆమె చేతులకు కట్టాను. నెమలికి మార్కులు వేయకుండానే బయటికొచ్చాను.

మునగాల దాటాక

మర్నాడు ప్రవీణ్ కారులో కోదాడ వైపు బయల్దేరాం. దారిలో ధాబాలో రోటీ, పప్పు తిని, కడుపు నిండిన మగతలో ఉన్నాను. మునగాల దాటిన కాసేపటికి డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. నా నుదురు ముందు సీటుకు కొట్టుకుని బొప్పి కట్టింది.

"గొర్లు" అన్నాడు డ్రైవరు.

నిజమే, రోడ్డు వారగా, డివైడరు తెగి దారి వదిలిన చోట, నల్లటి గొర్రెల మంద. హారన్ కొట్టాడు, కదల్లేదు. ఎండకు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. ఇంకోసారి కొట్టాడు. అప్పుడు చూశాం, అవి టైరు ముక్కలు. హైవే మీద లారీ టైర్లు పేలి నల్లటి పట్టాల్లా పడి ఉంటాయి చూడండి, వాటిని చుట్టి చుట్టి చేసిన గొర్రెలు. లోపల సిమెంటు బస్తాల్లో కుక్కిన పాత ఫ్లెక్సీ గుడ్డ. విరిగిన పైపుల కాళ్లు. కళ్లకు పగిలిన లారీ లైట్ల ఎర్ర ముక్కలు. నేను బొప్పి సంగతి మర్చిపోయాను. నలభై ఏళ్లు బొమ్మలు చేయించాను, కారు ఆపిన బొమ్మను మాత్రం చూడలేదు.

చెట్టు కింద ఒక ఆడమనిషి నవ్వుతోంది. యాభై దాటి ఉంటాయి, భుజం మీద గొంగడి.

"మీరొక్కరే గాదు, పొద్దటిసంది అందరు గిట్లనే ఆగుతుండ్రు" అంది. ఆమె పేరు లింగమ్మ. నేను డ్రాయింగ్ టీచరునని చెప్పుకుని, "లింగమ్మ గారూ" అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసుకుంది, ఎవరైనా పెద్దవాళ్లు వచ్చారేమోనని.

ఈ మంద చేయించింది ఆమే. గొర్లకాపరుల ఆడవాళ్లు, వాళ్లతోపాటు కూలికి పోయే మరియమ్మ, ఇంకా చుట్టుపక్కల వాళ్లు, నెలరోజులు హైవే పొడుగునా నడిచి టైరు ముక్కలు ఏరారట. మంద ముందు ఒక బొమ్మ వేరుగా ఉంది. పొడుగు మెడ, గడ్డం, వెనక్కి వంగిన కొమ్ములు.

"ఇది మేక కదా, గొర్రెల్లో మేకేమిటి?" అన్నాను. మా వైపు గొర్రె అంటే కూరలో ముక్కగానే ఎక్కువ పరిచయం.

"గొర్రెకు ముంగటేమున్నదో తెల్వదు టీచరమ్మా. ముంగట పోయేదాని తోక సూస్కుంట పోతది. అందుకే మేకపోతును ముంగట పెడ్తం. అది ఆగితే మంద ఆగుతది. అది దాటితే మంద దాటుతది. ఇగ నడుమల ఆపుడు ఎవ్వని తరం గాదు."

తర్వాత ఆమె డివైడరు తెగిన చోటు వైపు చెయ్యి చూపించింది.

"పోయినేడు గీడనే. మేకపోతు దాటింది. మంద ఎనక ఎనక దిగింది. లారీ ఆగలే. మా ఆయన చివరికున్నడు, జీవాలు పోతున్నయని నడిమిట్లకు ఉరికిండు, చేతులడ్డం పెట్టుకుంట."

జీవాలంటే వీళ్ల మాటలో గొర్రెలు, మేకలు. రోడ్డుకు అవతల బీడు ఉంది. ఇవతల ఊరు. మేతకు పోవాలంటే ఈ రోడ్డు దాటాల్సిందే. ఇప్పుడు ఆ మందను రోజూ దాటించేది ఆమె కొడుకు సైదులు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి.

"బోర్డు పెట్టుమని తిరిగినం. పెడ్తమన్నరు, పెట్టలే. గీ పోటీ వాళ్లొచ్చి, పారేసిన సామానుతోని ఏమన్న చెయ్యుండ్రి, మీ తావుల్నే పెడ్తం అన్నరు. గప్పుడనిపించింది. బోర్డు ఎవడు సదువుతడు? గొర్రెను జూస్తే బ్రేకు యేస్తడు."

ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది, రెండూ ఒకే చోట నుంచి పుడతాయి కాబోలు. ఎదురుగా దొరికింది ప్రవీణ్. "ఇది ఇక్కడే ఉంటుంది కదా?" అన్నాను.

"ఫైనల్‌కి మిర్యాలగూడ తీసుకెళ్లాలి మేడం. తర్వాత వెనక్కి తెచ్చేస్తాం."

"మళ్ల గీడికే తెస్తరు గదా సారూ?" అంది లింగమ్మ. "మా పోరడు రోజు దాటాలె."

"తెస్తామమ్మా. మాట" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

లింగమ్మ మమ్మల్ని ఊరికే పంపలేదు. అన్నం, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు చారంటే మరగాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, పొయ్యి ముఖం చూపించకుండా పోస్తారు. ధాబాలో తిన్నది మర్చిపోయి రెండోసారి పెట్టించుకున్నాను. మేం తింటుండగానే డీసీఎం వ్యాన్ వచ్చి మందను ఎక్కించుకుంది. కూలీలు మేకపోతును చివర పడేయబోతే లింగమ్మ వెళ్లి, దాన్ని డ్రైవరు వైపు ముందు పెట్టించింది.

కోదాడ

కోదాడలో మాట తీరు మారుతుంది. బస్టాండు దగ్గర పంక్చర్ షాపు బాషా నన్ను చూడగానే కుర్చీ వేశాడు. "గోదావరి వైపా మేడం? మాటలో తెలుస్తుందిలెండి. కూర్చోండి." రెండు రోజుల తర్వాత 'అండీ' వినపడగానే ప్రాణం లేచొచ్చింది.

గొర్రెల లోపలి కట్టుకు ఉక్కు తీగ ఇతనే ఇచ్చాడట. పాత టైర్ల అంచుల్లో ఉండే తీగ. "లింగమ్మొచ్చి పాత టైర్లు కావాలంటే, ధర్నాకు కాలబెట్టడానికి అనుకున్నానండీ. రోడ్డు ఆపడానికే అంది. నేను భయపడి ఇవ్వనన్నాను. తర్వాత సంగతి చెప్పింది. ఇంక నాలుగు రోజులు నేనే వెళ్లి తీగ వంచడం నేర్పించి వచ్చాను" అన్నాడు. చాయ్ తెప్పించి డబ్బులిస్తే తీసుకోలేదు. నా బొప్పికి రాసుకోమని జండూబామ్ కూడా ఇచ్చాడు.

కోదాడ పట్టణం బొమ్మ ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పేపరు కప్పులతో భూగోళం. దాని మీద చెట్టు. చాలా అందంగా, తెల్లగా, శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. ఒక కప్పు తీసి చూశాను. టీ మరక లేదు. ఇంకోటి తీశాను. అదీ అంతే. హాలు వెనక్కి వెళితే కొత్త కప్పుల ప్యాకెట్లు చింపిన కవర్లు గుట్టగా పడి ఉన్నాయి.

"ఇవి కొత్తవి కదండీ?" అని అక్కడున్న ఒక టీచరమ్మను అడిగాను.

"మరి వాడినవి మురికిగా ఉంటాయి కదండీ" అంది ఆమె, చాలా మర్యాదగా. "పిల్లల పేరెంట్స్ ఒప్పుకోరు. అందుకని కొత్తవి కొన్నాం."

"చెత్తతో బొమ్మ చేయడానికి కొత్త కప్పులు కొన్నారా?"

"బొమ్మ అయ్యాక ఎలాగూ చెత్తే కదండీ."

ఆ కప్పుల కవర్లన్నీ ఏరి తెచ్చి భూగోళం ముందు పోశాను. చెత్త ఇదీ, బొమ్మ దీనితో చేయండి అన్నాను. ప్రవీణ్ మధ్యలోకి వచ్చి, మేడం, పిల్లల్ని డిస్కరేజ్ చేయొద్దు అన్నాడు. పిల్లలు ఏం చేశారు పాపం, వాళ్లకు అబద్ధం నేర్పింది మీరు అన్నాను. రేపు మిర్యాలగూడకు అతని కారు ఎక్కనని కూడా చెప్పాను. హాలు బయటికొచ్చాక, పేపరు కప్పులో టీ తాగుతూ నిలబడ్డ ఇద్దరు పనివాళ్లు ఆ కప్పులు కింద పారేసి వెళ్లిపోయారు.

నేరేడుచర్ల

కారు వద్దన్న పౌరుషానికి ఫలితం, మర్నాడు షేర్ ఆటోలు మారుతూ ప్రయాణం. నేరేడుచర్ల దగ్గర ఆటో నిండే దాకా కదల్లేదు. నిండాక ఇంకో ముగ్గురు ఎక్కారు. నా ఒళ్లో ఎవరిదో సంచి, నా కాళ్ల మీద ఎవరివో కాళ్లు. దిగి మిర్చి బజ్జీ కొనుక్కోబోతుంటే చెప్పు తెగింది. పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ తన జాకెట్టుకున్న పిన్నీసు తీసి, చెప్పు నా చేతిలోంచి లాక్కుని, రెండు నిమిషాల్లో కుట్టినంత గట్టిగా చేసి ఇచ్చింది. ఇక్కడివాళ్లు సాయం చేసే ముందు అడగరు.

రోడ్డు సగం ఆక్రమించి వడ్లు ఆరబోశారు. చుట్టూ రాళ్లు. మా వైపూ ఆరబోస్తాం కానీ రోడ్డు ఇంత వెడల్పు ఉండదు కాబట్టి ఇంత ధైర్యం చేయం. ఆటోలో మాటల సందర్భంలో నేను బొమ్మల పోటీకి వెళుతున్నానని చెప్పాను.

"బొమ్మలకు పైసలుంటయ్" అంది ఆ పెద్దావిడ. "మా వాడకట్టుల మోరి మీద బండ పెట్టమంటే ఉండయ్."

వాళ్ల వీధి మురుగుకాలవకు మూత లేదట. ఆటో అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

మిర్యాలగూడ

ఊరి పొలిమేర చేరగానే రైసు మిల్లుల వాసన, ఉడికిన వడ్ల ఆవిరి. గాలిలో ఊక బూడిద. గంటసేపట్లో నా చీర మీద నల్లటి చుక్కలు పడ్డాయి. ఇక్కడి బియ్యం తిన్నవాళ్లకు ఈ బూడిద సంగతి తెలియదు. నాకూ ఆరోజు దాకా తెలియదు.

మైదానంలో మందను చూసి నిలబడిపోయాను. గొర్రెలకు తెల్లరంగు వేశారు. చెవులకు గులాబీ రంగు. గుండ్రంగా, ముఖాలు బయటికి పెట్టి, మధ్యలో ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ఫ్లెక్సీ పాతారు. పొట్ట కింద తల దూర్చిన గొర్రె తలను ఊడబీకి, నిటారుగా బిగించారు. కెమెరాకు కనపడాలట.

లింగమ్మ నాకంటే ముందే వచ్చింది. సైదులు ట్రాలీ ఆటోలో ఆమెనూ మిగతా ఆడవాళ్లనూ తీసుకొచ్చాడు. సన్నగా, సిగ్గరిగా ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు. లింగమ్మ రంగు సంగతి పట్టించుకోలేదు. మంద చుట్టూ తిరుగుతూ వెతుకుతోంది.

"మేకపోతేది?" అంది.

జనరేటరు వెనక పడి ఉంది. దానికి రంగు కూడా వేయలేదు. "అది థీమ్‌లో లేదమ్మా, అందరూ గొర్రెలనుకుంటుంటే మేక కన్‌ఫ్యూజన్" అన్నాడు ప్రవీణ్. లింగమ్మ దాని కొమ్ము మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

నాతోపాటు ఇంకో ఇద్దరు న్యాయనిర్ణేతలున్నారు. మా మధ్య వాదనేమీ జరగలేదు. నెమలి, భూగోళం పక్కన ఈ మంద నిలబడితే ఎవరైనా ఏం చెబుతారు? మొదటి బహుమతి మందకే. నాకు ఆ క్షణం చాలా సంతోషంగా ఉంది. ఎంత తెలివితక్కువదాన్నో.

వేదిక మీద లింగమ్మను పిలిచి శాలువా కప్పబోతూ మైకులో చెప్పారు: గెలిచిన కళాఖండం, పోటీకి డబ్బు పెట్టిన వెంచర్ ముఖద్వారం దగ్గర శాశ్వతంగా సెల్ఫీ పాయింట్‌గా ఉంటుంది. చప్పట్లు. లింగమ్మ ఒక్క ముక్కా అర్థంకాక నా వైపు చూసింది. నేను వేదికెక్కాను. ఎలా ఎక్కానో గుర్తులేదు, పిన్నీసు పెట్టిన చెప్పు మాత్రం కిందే ఉండిపోయింది.

"వెనక్కి ఇస్తానని మాటిచ్చావు" అన్నాను ప్రవీణ్‌తో.

"గెలవకపోతే ఇచ్చేసేవాళ్లం మేడం. గెలిస్తే స్పాన్సర్‌ది. రూల్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాం."

"ఆమె దగ్గరున్నది బటన్ల ఫోన్. ఏ వాట్సాప్ బాబూ?" మైకు ఆన్‌లో ఉందని నాకు తెలియదు. తెలిసినా ఆపేదాన్ని కాదు. "ఈ బొమ్మకు నేను మార్కులు వేసింది అది నిలబడ్డ చోటుకు. మీ గేటు దగ్గర నిలబెడితే దానికి సున్నా. రాసుకో. మనిషి చచ్చిన చోటు నుంచి ఎత్తుకొచ్చి మీ ప్లాట్లు అమ్ముకుంటారా?"

వెంచర్ యజమాని లేచాడు. మంచిమాట చెప్పే గొంతుతో, "అమ్మా, మా గేటు కాడైతే రోజు వంద మంది ఆగి ఫొటోలు దిగుతరు. మీ పేరు బోర్డు కూడా పెట్టిస్త" అన్నాడు లింగమ్మతో.

అప్పటికి ఆమెకు సంగతి పూర్తిగా తెలిసింది. శాలువా మడిచి బల్ల మీద పెట్టింది.

"శాలువా వద్దు సారూ, నాకు గొంగడున్నది. ఫొటో దిగెటోడు ముందుగాలనే ఆగి ఉంటడు. ఆగనోడు సూడాలె నా జీవాలను. నా కొడుకు రోజు దాటుతడు. నావి నాకియ్యి."

"రూల్ అమ్మా" అన్నాడు ప్రవీణ్.

లింగమ్మ దిగి వెళ్లి జనరేటరు వెనక నుంచి మేకపోతును ఎత్తుకుంది. మరియమ్మ ఒక గొర్రెను లేపింది. గొర్రెపిల్లను మోసుకొచ్చేటట్టు, మెడ చుట్టూ భుజాల మీద వేసుకుని నడిచారు. ఒకరి వెనక ఒకరు. జనం దారి ఇచ్చారు. సూర్యాపేట నుంచి వచ్చిన ఊడ్చేవాళ్లు కూడా లేచి తలా ఒకటి పట్టారు. చేతికి పట్టీలున్నామె కూడా. ప్రవీణ్ సెక్యూరిటీ, సెక్యూరిటీ అంటూ పరిగెత్తబోతే నేను అడ్డంగా నిలబడ్డాను. ఇన్నేళ్ల నా కోపం మొదటిసారి ఎవరికో పనికొచ్చింది. ట్రాలీ ఆటో నిండాక, ఒక చెప్పుతో నేనూ గొర్రెల మధ్య ఎక్కి కూర్చున్నాను.

మళ్లీ మునగాల వైపు

ఆ రాత్రి లింగమ్మ ఇంట్లో పడుకున్నాను. పొద్దున్నే రోడ్డు మీదికి వెళ్లాం. తెల్లరంగు గోకేద్దామా అన్నాను నేను. వద్దంది. "తెల్లగుంటే చీకట్ల మంచిగ కనవడుతయ్. వాళ్లు చేసిన పనుల గిదొక్కటే అక్కరకొచ్చింది." ఊడబీకిన తలను మాత్రం సైదులు మళ్లీ పక్క గొర్రె పొట్ట కిందికి వంచి తీగతో కట్టాడు. అందరికంటే ముందు నల్ల మేకపోతును నిలబెట్టారు.

మొదట వచ్చిన లారీ దూరం నుంచే నెమ్మదించింది. దాని వెనక బస్సు. బస్సు కిటికీల్లోంచి జనం తొంగిచూశారు. ఒక కారు ఆగి, హారన్ కొట్టి, నిజం తెలిసి, తిట్టి వెళ్లిపోయింది. తిడితే తిట్టనీ, ఆగింది కదా. అదే సమయానికి సైదులు నిజం మందను తోలుకొచ్చాడు. బతికున్న మేకపోతు డివైడరు దగ్గర ఒక్క క్షణం ఆగి, టైరు మేకపోతును వాసన చూసి, రోడ్డు మీదికి దిగింది. దాని వెనక ఒకటి, దాని వెనక ఇంకోటి. రెండు వైపులా బండ్లు ఆగే ఉన్నాయి. లింగమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆఖరి గొర్రె, దాని వెనక సైదులు, అవతలి బీడులో అడుగుపెట్టాక గానీ ఆమె నా చెయ్యి వదల్లేదు. నా వేళ్లు తిమ్మిరెక్కాయి.

మేం చెట్టు కింద కూర్చుని చాయ్ గ్లాసులు ఇంకా ఖాళీ చేయలేదు, హైవే మీద గస్తీ తిరిగే బండి ఒకటి లైటు వెలిగించుకుని వచ్చింది. మెరిసే జాకెట్లు వేసుకున్న ఇద్దరు దిగారు. రోడ్డుకు అడ్డం ఉన్నాయని ఫోన్ వచ్చిందట, వెంటనే తీసేయాలట. అవి మట్టి అంచున ఉన్నాయి, రోడ్డు మీద లేవు అని నేను లేవబోయాను. లింగమ్మ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తనే వెళ్లింది.

"సారూ, మా ఆయన గీడనే పడ్డడు" అంది. గొంతు పెంచలేదు. "గప్పుడు గూడ ఫోన్లు జేసిండ్రు. పొద్దు నెత్తి మీదికొచ్చేదాక ఎండల పడున్నడు, ఎవ్వరు రాలే. టైరు గొర్లకు గింత జల్ది వచ్చిండ్రా?"

"అప్పుడు మేము డ్యూటీల లేమమ్మా" అన్నాడు పెద్దతను. "పైనుంచి ఆర్డరు. తియ్యాల్సిందే." ముందున్న గొర్రె మెడ మీద చెయ్యి వేశాడు, లేపడానికి.

"తియ్యి సారూ. తీసుకపో. మాపటి నుంచి గీ తెగిన కాడ నేనే నిలబడ్త. టైరు గొర్రెను జూసి ఆగిండ్రు, నన్ను జూసి ఆగుతరో లేదో సూద్దాం. ఆగకుంటే మళ్ల నీకే ఫోనొస్తది. గప్పుడన్న జర జల్ది రా."

అతను గొర్రె మెడ మీంచి చెయ్యి తీసేశాడు. ఇద్దరూ బండెక్కి, లైటు ఆపుకుని వెళ్లిపోయారు.